మూడోవాణ్ణి తెలుగులో ఏమందాం?

గుంపులో పెద్దలకు నమస్కారం. 1900 పారిస్ ఒలింపిక్స్ పడవ పందేల మీద చిన్న వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఇద్దరి జట్ల పోటీ అది. పేరుకే ఇద్దరు, పడవలో కూర్చునేది ముగ్గురు. ఇద్దరూ చెరో తెడ్డు పట్టుకుని, వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. వాళ్ళకు ఎదురుగా కూర్చున్న మూడోవాడు చుక్కాని తాళ్ళు లాగుతూ దారి చూసుకుంటాడు. ఇంగ్లీషులో కాక్స్. తెలుగులో?

నా తిప్పలు అర్థం కావాలంటే కథ చెప్పాలి. ఆమ్‌స్టర్‌డామ్ మినర్వా క్లబ్బు నుంచి బ్రాంట్, క్లైన్ తెడ్లు వేశారు. వాళ్ళ మూడోవాడు బ్రోక్‌మన్, అరవై కిలోల మనిషి. ఫ్రెంచివాళ్ళేమో తమ పడవల్లో పిల్లల్ని ఎక్కించారు. తొలి పందెంలో వాళ్ళ వెనక పడ్డాక డచ్చివాళ్ళకు సంగతి బోధపడింది. ఫైనల్‌కు బ్రోక్‌మన్‌ను ఒడ్డునే ఉంచి, ఒక ఫ్రెంచి పిల్లవాణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. బరువు సుమారు 33 కిలోలు. సెన్ నది మీద 1750 మీటర్లు, 7 నిమిషాల 34.2 సెకన్లు. రెండో జట్టు 34.4. ఒక్క రెప్పపాటు! గెలిచాక ముగ్గురూ ఫొటో దిగారు. పిల్లవాడి పేరు మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.

*

గోదావరి వైపు మిత్రుడు: మా దగ్గర లాంచీ నడిపేవాడు సరంగు అండి. కొత్త మాటెందుకు? అదే వాడెయ్యండి.

నేను: సరంగు అనగానే నాకు లుంగీ కట్టి, చెవిలో బీడీ పెట్టుకున్న యాభయ్యేళ్ళ మనిషి కనిపిస్తాడు తమ్ముడూ. పైగా అది పారసీ ‘సర్‌హంగ్’, అంటే దళనాయకుడు. 33 కిలోల పిల్లాడికి బరువెక్కువ.

ఒక రిటైర్డు మాస్టారు: కర్ణధారుడు ఉండగా వెతుకులాట ఎందుకు నాయనా? కర్ణమంటే చుక్కాని. సంస్కృతంలో స్పష్టంగా ఉంది.

నేను: నిజమే మాస్టారూ. కానీ పత్రికలు ఆ మాటను పార్టీ అధ్యక్షులకు తగిలించి తగిలించి పడవలోంచి దింపేశాయి. మా పల్లెలో చదివితే ఊరి కరణం అనుకుంటారు.

ఇంకో సభ్యురాలు: చుక్కానివాడు అనొచ్చుగా? చుక్కలు చూసి ఓడ నడిపేవారు కనుక చుక్కాని అని మా తాతయ్య చెప్పేవారు.

నేను: తాతయ్యగారి మాట అందంగా ఉంది గాని అమ్మా, చుక్కానికీ చుక్కకూ చుట్టరికం లేదు. అరబ్బీలో ‘సుక్కాన్’ అంటే చుక్కాని. ‘సుక్కానీ’ అంటే దాన్ని పట్టేవాడు. మన తీరాల్లో తిరిగిన ఇంగ్లీషు ఓడల్లో అదే ‘సీకనీ’ అయింది. అంటే మనిషిని పిలిచే మాట మన నోట్లో పడి వస్తువైపోయింది! ఇప్పుడు దానికి మళ్ళీ ‘వాడు’ తగిలించి మనిషిని చేసుకుంటున్నాం.

మాస్టారు: బాగుందయ్యా. మరి ఇంగ్లీషు మాట పుట్టుక చూశావా? కాక్స్ అనేది ‘కాక్స్‌వెయిన్’కు కురచ రూపం. కాక్ అంటే చిన్న పడవ. స్వెయిన్ అంటే కుర్రాడు, నౌకరు కుర్రాడు.

నేను: చూడలేదు మాస్టారూ! అయితే నాకు మాట దొరికినట్టే. ఆ వ్యాసం వరకు వాడు ‘పడవ కుర్రాడు’. మిగతా చోట్ల చుక్కానివాడు అని రాసుకుంటాను. సరంగు తమ్ముడు కోపగించుకోకు.

గోదావరి మిత్రుడు: కోపం ఏముందండీ. కానీ తెడ్డు అని మరీ మరీ రాయకండి, మా ఆవిడ పక్కనుంచి చదివి, పులిహోర కలిపే తెడ్డుతో పందెమేమిటని అడుగుతోంది.