బరంపురంలో పాత ఇల్లు: మూడు లక్షలు ఎక్కడ పెట్టాలి?

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను మస్కట్ వచ్చి నాలుగు నెలలైంది. నాన్నగారి పీఎఫ్ డబ్బుకి కొంత అప్పు కలిపి బరంపురంలో రెండు గదుల పాత డాబా ఇల్లు కొన్నాం, అద్దెకిద్దామని. రిపేర్లకు మూడు లక్షలు ఉన్నాయి. టైల్స్, మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ చేయిస్తే మంచి అద్దె వస్తుందని మేస్త్రీ అంటున్నాడు. పని మా మామయ్య చూసుకుంటారు. ఏం చేయమంటారు?

---

తమ్ముడూ, మేస్త్రీ చెప్పిన మూడూ పక్కన పెట్టి, ముందు మీ మామయ్యను డాబా ఎక్కమను.

2018లో నేనూ నీలాగే దూరాన, దోహాలో కూర్చుని, అద్దెకిచ్చిన మా ఇంటి హాల్లో ఫాల్స్ సీలింగ్ వేయించాను. ఫోటోల్లో కల్యాణమండపంలా మెరిసిపోయింది. అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లిన వారానికి అద్దెకున్నాయన వీడియో పంపాడు. లైటు కన్నంలోంచి చుక్క, చుక్క. కింద ఇడ్లీ గిన్నె. శ్లాబులోంచి నీరు ఎన్నాళ్లుగా దిగుతోందో, ఆ సీలింగ్ అడ్డంగా ఉండి ఎవరికీ కనబడలేదు. జిప్సం బోర్డు ఉబ్బి ఊడిపడ్డాక గానీ తెలియలేదు.

డాబా మీద నీళ్లు పోయే గొట్టాలు మూసి, రెండంగుళాల నీరు ఒక రోజు నిలబెట్టమను. కింద చెమ్మ ఎక్కడొస్తే అక్కడ సుద్దతో గీత గీసి ఫోటో తీయాలి. శ్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడి ఉంటే మాత్రం నీళ్లు నింపొద్దు, ముందు ఇంజనీరుకు చూపించండి. వాటం, అంటే నీరు జారిపోయే వాలు, సరిగా లేకపోతే వాటర్‌ప్రూఫ్ పెయింట్ ఎన్ని పూతలు వేసినా దండగే. పది అడుగులకు అంగుళమైనా వాటం ఉండాలి. నీ మూడు లక్షల్లో పెద్ద వాటా దీనికే పోతుంది, బాధపడకు.

తర్వాత వైరింగ్. పాత ఫ్యూజు కట్టలు తీసేసి ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే ఆగే స్విచ్‌లు), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) ఒకటి పెట్టించు. ఎర్త్ ఉందో లేదో చూడమను, పాత ఇళ్లలో చాలాసార్లు ఉండదు. గోపాలపూర్ సముద్రం ఉప్పుగాలి ఊళ్లోకీ వస్తుంది కాబట్టి కిటికీ ఊచలు గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టించు. బాత్రూంలో కొళాయిలు, తలుపు. రంగు చివర్న, గోడలు ఆరాక. తడి గోడకు పుట్టీ పెడితే మొదటి వానాకాలానికే రాలిపోతుంది.

కిచెన్ సంగతా? లక్షన్నర పెడితే అద్దె నెలకు వెయ్యి పెరిగిందనుకో. ఆ డబ్బు తిరిగి రావడానికి పన్నెండున్నరేళ్లు. మెడికల్ కాలేజీ వైపు అద్దెకు దిగే కుర్ర డాక్టర్లు అడిగేది నీళ్లెప్పుడొస్తాయి, ఇన్వర్టర్‌కి పాయింట్ ఉందా అని. అరల రంగు నన్నెవరూ అడగలేదు.

మామయ్య మంచివారే అయుంటారు. అయినా మేస్త్రీకి ఎంత పని పూర్తయితే అంతకే డబ్బు ఇవ్వు. నీళ్ల పరీక్ష మళ్లీ చేసి నెగ్గాకే చివరి వాయిదా.

---

న్యూజెర్సీ నుంచి ఒక మాట. రిపేరు బిల్లులు చూపిస్తే పన్ను తగ్గుతుందని లెక్కలు వేసుకోకు బాబూ. మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం, నువ్వు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా, మినహాయిస్తారు. నువ్వు ఎన్‌ఆర్‌ఐ అయ్యాక అద్దె మామూలుగా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఇండియాలో వచ్చే ఆదాయానికి ఎన్‌ఆర్‌ఐలు తెరిచే ఖాతా) పడాలి. అద్దెకున్నవాళ్లే టీడీఎస్, అంటే అద్దెలోంచి ముందే పట్టుకునే పన్ను, కోసి కట్టాలి. ఈ మాట అగ్రిమెంటుకు ముందే చెప్పు, నేను చెప్పక ఒక మంచి కుటుంబాన్ని పోగొట్టుకున్నాను.

---

అన్నా, అక్కా, థాంక్స్. మామయ్య ఇవాళ డాబా ఎక్కారు. పిట్టగోడ పగుల్లో జానెడు రావి మొక్క ఉందట. పీకేయమన్నాను.

---

పైపైన పీకితే మళ్లీ వస్తుంది తమ్ముడూ. పగులు తెరిచి వేరంతా తీయించి, అప్పుడు సిమెంటు పెట్టించు. ఫోటో పంపమను.