అప్‌డేట్: సైకిల్ అమ్మలేదు

మా ఆయన ఉద్యోగం పోయింది, ఈఎంఐల టెన్షన్, ఇద్దరు పిల్లలు, ఇలాంటప్పుడు నా గేర్ సైకిల్ అమ్మేయాలా అని రెండు నెలల క్రితం అడిగాను కదా, అమ్మలేదు. చూడ్డానికి వచ్చినాయన కొన్న ధరలో సగం కూడా ఇవ్వనన్నాడు, ఆ డబ్బు ఒక్క ఈఎంఐకీ చాలదు.

మీలో ఒకరు చెప్పినట్టు వెనక సీటు బిగించి చిన్నదాన్ని బడికి నేనే దింపుతున్నా, ఆటో ఫీజు మిగిలింది. పంక్చర్ కూడా నేనే వేసుకుంటున్నా (మొదటిసారి గంట పట్టింది, ప్యాచ్ అంటించేముందు ట్యూబ్‌ను గరుకు కాగితంతో రుద్దాలని తెలియక). హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) పక్కన ఉన్న 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్‌కి (పైన సోలార్ ప్యానెళ్లున్న సైకిల్ దారి) ఆదివారం తెల్లవారుజామున మాత్రమే వెళ్తున్నా, అదీ అత్తయ్య పిల్లల్ని చూసుకుంటానంటేనే.

ఆయనకి ఉద్యోగం దొరికింది, జీతం తక్కువే. గోల్డ్ లోన్ ఇంకా అలాగే ఉంది.