సెల్ఫ్ తిరుగుతోంది, బండి పట్టడం లేదు: హైప్రెషర్ పంపు మార్చాల్సిందేనా?

కోదాడ టాక్సీ (రాత్రి 9:50)
అన్నలూ, తల పగిలిపోతోంది. మధ్యాహ్నం నుంచి బండి పట్టడం లేదు. సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది. బ్యాటరీ బాగుంది, ట్యాంకులో 30 లీటర్ల డీజిల్ ఉంది. ఇక్కడి మెకానిక్ గంటసేపు చూసి, హైప్రెషర్ పంపు పోయింది, నలభై వేలు రెడీ చేసుకో అన్నాడు. పొద్దున ఆరింటికి పెళ్లి కిరాయి. అసలు ఈ కంప్యూటర్ డీజిల్ బళ్లలో పంపు ఏం చేస్తుంది? పోయిందో లేదో మనకెలా తెలుస్తుంది? త్వరగా చెప్పండి, ఒకటే టెన్షన్.

స్కానర్
ఏ బండి?

కోదాడ టాక్సీ
తెల్లది అన్నా, పసుపు ప్లేటు.

స్కానర్
రంగు అడగలేదు. ఏ ఏడాది, ఎన్ని కిలోమీటర్లు, ఏ కోడ్ వచ్చింది?

కోదాడ టాక్సీ
2014 మోడల్, ఎనిమిది సీట్లు, లక్షా తొంభై వేలు తిరిగింది. కంపెనీ పేరు రాస్తే అందరూ దాని మీద పడతారు, అందుకే రాయడం లేదు. మెకానిక్ మిషన్ పెడితే పీ0087 అనే ఫాల్ట్ కోడ్ చూపించింది. అందుకే పంపు అంటున్నాడు.

స్కానర్
పీ0087 అంటే రైల్లో, అదే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో, ప్రెషర్ తక్కువుందని. పంపు పోయిందని కాదు.

పాత మైకో
బాబూ, ఇందుకే ఈ కంప్యూటర్ బళ్లు వద్దని నేను మొదటి నుంచీ అంటున్నాను. మా రోజుల్లో మైకో కంపెనీ పంపు ఉండేది. నాలుగు సిలిండర్లకు నాలుగు ప్లంజర్లు, వెనకాల గవర్నర్, పక్కన ర్యాక్. కరెంటుతో పనే లేదు. బ్యాటరీ చచ్చినా నలుగురు తోస్తే పట్టేది. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ 200 బార్ ప్రెషర్ దగ్గర విచ్చుకునేది, ఆ టక్ మనే శబ్దాన్ని బట్టే బాగుందో లేదో చెప్పేవాళ్లం. నువ్వు చేయాల్సింది ఒక్కటే. నాజిల్ దగ్గర పైపు నట్టు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొట్టు. డీజిల్ చిమ్మితే పంపు మంచిదే.

బెజవాడ ఆటోనగర్
తమ్ముడూ, ఆ పని మాత్రం చేయకు! పెద్దాయన పాత బండి లెక్క చెబుతున్నారు. నీ బండిలో ఆ నట్టు వెనక ఉండే ప్రెషర్ వేరు. సన్నగా చిమ్మే డీజిల్ తోలులోంచి లోపలికి దిగుతుంది. పైకి చీమ కుట్టినట్టే కనిపిస్తుంది, సాయంత్రానికి చెయ్యి వాచిపోయి ఆపరేషన్ దాకా వెళుతుంది. ఇంజన్ ఆపాక కూడా కాసేపు ఆగి గానీ ఆ పైపుల జోలికి వెళ్లకూడదు.

పాత మైకో
ముప్పై ఏళ్లు పంపులు విప్పాను. నా వేళ్లు పదీ ఉన్నాయి.

బెజవాడ ఆటోనగర్
బాబాయ్, మీ అనుభవాన్ని తప్పు పట్టడం లేదు. మీ పంపులో ఎప్పుడు కొట్టాలి, ఎంత కొట్టాలి అన్నీ పంపే చూసుకునేది. ఇందులో పంపుకి ఒకటే పని, ప్రెషర్ తయారుచేసి రైల్లో నింపడం. రైల్ అంటే అన్ని ఇంజెక్టర్లకూ కలిపి ఒకే ఇనుప గొట్టం. దాని చివర ప్రెషర్ సెన్సర్ ఉంటుంది. పంపులోకి ఎంత డీజిల్ వదలాలో పంపు మీదుండే మీటరింగ్ వాల్వుకి ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్ చెబుతుంది. ఏ ఇంజెక్టర్ ఏ క్షణంలో తెరుచుకోవాలో కూడా అదే చెబుతుంది. అందుకు ఇంజన్ ఎంతవరకు తిరిగిందో చెప్పే క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్ లెక్క చూసుకుంటుంది.

తమ్ముడూ, అసలు సంగతి ఇదీ. సెల్ఫ్ కొట్టినప్పుడు రైల్లో కనీసం 150, 200 బార్ రాకపోతే (బండిని బట్టి మారుతుంది) ఈసీయూ ఇంజెక్టర్లకు కరెంటే ఇవ్వదు. స్లోలో 250 నుంచి 350 ఉంటుంది, లోడ్ మీద 1600 దాకా పోతుంది. ప్రెషర్ రాకపోవడానికి మూడు దారులున్నాయి. పంపుకి డీజిల్ సరిగ్గా అందకపోవడం, పంపు అరిగిపోవడం, పంపు కొట్టింది ఎక్కడో కారిపోవడం. మీ మెకానిక్ సరాసరి మధ్యదాన్ని పట్టుకున్నాడు.

సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా?

కోదాడ టాక్సీ
అస్సలు లేదన్నా.

బెజవాడ ఆటోనగర్
అంటే సిలిండర్లలోకి డీజిల్ పడటం లేదు. ముందు ఇంజెక్టర్ల రిటర్న్, అంటే మిగిలిన డీజిల్ వెనక్కి పోయే దారి చూడాలి. ఈసీయూ కరెంటిస్తే ఇంజెక్టర్‌లో సూది నేరుగా లేవదు. పైన ఒక చిన్న వాల్వు లేస్తుంది, సూది నెత్తిన కూర్చున్న ప్రెషర్ రిటర్న్ పైపులోకి దిగిపోతుంది, అప్పుడు కిందనున్న ప్రెషరే సూదిని పైకి నెడుతుంది. ఆ చిన్న వాల్వు అరిగితే డీజిలంతా రిటర్న్‌లోకి పోతుంది, రైల్ నిండదు. నాలుగు సన్న రిటర్న్ పైపులు నాలుగు సీసాల్లో పెట్టి పది సెకన్లు సెల్ఫ్ కొట్టు. ఒక సీసా మాత్రం గబగబా నిండితే దొంగ దొరికినట్టే.

బంకు బాధితుడు
అందరూ ఇంజన్‌లోనే వెతుకుతున్నారు. డీజిల్ ఎక్కడ కొట్టించాడో ఒక్కరూ అడగరేం? హైప్రెషర్ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, చాలా బళ్లలో డీజిలే దానికి నూనె. కిరోసిన్ కలిసిందంటే ఆ జిగురు పోయి లోపల గీతలు పడతాయి. ఇంజెక్టర్ లోపల సందులు రెండు మూడు మైక్రాన్లు. ఒక్క చుక్క నీళ్లు చాలు తుప్పు పట్టడానికి. బంకులో బిల్లు తీసుకోండి, ఫిల్టర్ పేపర్ టెస్ట్ (కాగితం మీద చుక్క వేసి కల్తీ చూసేది) అడగండి, సాంద్రత అడగండి. అది మన హక్కు. నేను రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను, ఈ గ్రూపులో ఒక్కరికీ పట్టదు.

స్కానర్
ఫిల్టర్ పేపర్ టెస్ట్ పెట్రోలుకి చేస్తారు.

బంకు బాధితుడు
సాంద్రత డీజిల్‌కి కూడా చూస్తారు కదా! మాట మార్చకండి.

కోదాడ టాక్సీ (రాత్రి 11:20)
సీసాలు పెట్టానన్నా. నాలుగింట్లోనూ అడుగు కూడా తడవలేదు. అంటే ఇంజెక్టర్లు మంచివేనా? ఇక పంపేనా? డీజిల్ ఫిల్టర్ అయితే కాదు, అది ఇవాళ పొద్దునే కొత్తది వేశా. ఆ తర్వాత పన్నెండు కిలోమీటర్లు బాగానే వచ్చింది, బైపాస్ దగ్గర రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

స్కానర్
ఇది మొదటి లైన్లో రాయాల్సింది.

కోదాడ టాక్సీ
కొత్తదే కదా అని రాయలేదు.

బెజవాడ ఆటోనగర్
కొత్తది కాబట్టే అనుమానం! మీ బండిలో ట్యాంకులో కరెంటు పంపు ఉందా? కీ ఆన్ చేస్తే వెనక నుంచి సన్నగా గుయ్ మని వినిపిస్తుందా?

కోదాడ టాక్సీ
ఏం వినపడదు. ఫిల్టర్ మీద రబ్బరు బుడ్డి ఉంది, చేత్తో నొక్కేది. నొక్కుతుంటే గట్టిపడటం లేదు.

బెజవాడ ఆటోనగర్
అయితే మీది లాగుడు సిస్టం. హైప్రెషర్ పంపు పక్కనుండే చిన్న ఫీడ్ పంపే ట్యాంకు నుంచి ఫిల్టర్ మీదుగా డీజిల్‌ని లాక్కుంటుంది. ఇలాంటి దాంట్లో జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కదా అని మెకానిక్ లీకు లేదనుకుని ఉంటాడు. గాలిని ఎంత నొక్కినా అణుగుతుందే గానీ ప్రెషర్ కట్టదు. ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే చోట తెల్ల ట్రాన్స్‌పరెంట్ పైపు ముక్క పెట్టి సెల్ఫ్ కొట్టు. బుడగలు కనిపిస్తే ఫిల్టర్ విప్పు. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకు, మధ్యలో రెండు నిమిషాలు ఆగు. ఎండిపోయి తిరిగితే ఉన్న పంపు కూడా పోతుంది.

పాత మైకో
ఫిల్టర్ బిగించే ముందు నిండా డీజిల్ పోశావా? పోయకుండా బిగిస్తే ఎయిర్ పట్టక ఏమవుతుంది?

బెజవాడ ఆటోనగర్
పోయకూడదు బాబాయ్. క్యాన్‌లోంచి పోసిన డీజిల్ మధ్య రంధ్రంలో పడిందంటే వడకట్టకుండానే పంపులోకి పోతుంది. ఉత్తదే బిగించి బుడ్డి గట్టిపడేదాకా నొక్కాలి.

పాత మైకో
చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లో పోస్తే వడకట్టే వెళుతుంది. మాకూ తెలుసు. ఇంకో మాట, మీరంతా ఇంజెక్టర్ ఇంజెక్టర్ అంటున్నారు. దాన్ని నాజిల్ అనాలి.

స్కానర్
నాజిల్ అంటే కొనన ఉండే ముక్క. మొత్తం కలిపి ఇంజెక్టర్.

పాత మైకో
కొందరు అటమైజర్ అంటారు. అదీ తప్పేనా?

దమ్మాం ట్రైలర్
ఇక్కడ సౌదీలో మా షెడ్డులో మలయాళీలు, పాకిస్తానీలు అందరూ నాజిలే అంటారు. పెద్దాయనకే నా ఓటు.

బంకు బాధితుడు
పేర్ల గొడవెందుకు? ఆ తీసిన ఫిల్టర్‌లో అడుగున నీళ్లున్నాయేమో చూడమనండి. బంకు బిల్లు కూడా దాచుకోమనండి.

కోదాడ టాక్సీ (తెల్లవారుజామున 5:05)
పట్టింది. పాత ఫిల్టర్ రబ్బరు రింగు పైన బేస్‌కే అతుక్కుని ఉండిపోయింది, నల్లగా ఉండటంతో కనపడలేదు. దాని మీదే కొత్త రింగు పెట్టి బిగించేశా. పీకేసి, బుడ్డి నొక్కితే మూడో సెల్ఫ్‌కి అందుకుంది. థాంక్స్ అన్నా, కిరాయికి వెళుతున్నా.

స్కానర్
కోడ్ క్లియర్ చేయించు. మళ్లీ వస్తే చెప్పు.

పాత మైకో
డీజిల్ పోసి బిగించాడా, ఉత్తదే బిగించాడా? అది చెప్పలేదు.

బంకు బాధితుడు
నీళ్ల సంగతీ చెప్పలేదు.