శ్రీవారి దర్శనం గ్లాన్సా, గ్లింప్సా?

అలిపిరి కుర్రోడు: తిరుపతిలో మా కోచింగ్ సెంటర్ టెస్టులో ఒక ప్రశ్న. క్యూలో గంటల తరబడి నిలబడినవాడు స్వామిని రెండు సెకన్లు చూశాడు. ఆ చూపుకు ఇంగ్లీషు మాట ఏది? నేను గ్లాన్స్ రాశా. తప్పట, గ్లింప్స్ అట. రెండూ చిన్న చూపే కదా! ఒక మార్కు పోయింది, కడుపు మండిపోతోంది.

చిత్తూరు తోతాపురి: మీ సారే రైటు తమ్ముడూ. గ్లాన్స్ మనం చూసేది, గ్లింప్స్ మనకు కనబడేది. బస్టాండులో వాచీ వైపు ఓసారి చూస్తావే, అది గ్లాన్స్. ఘాట్ రోడ్డు మలుపులో చెట్ల సందున కింద ఊరు కనబడీ కనబడకుండా పోతుందే, అది గ్లింప్స్.

అలిపిరి కుర్రోడు: ఒప్పుకోనన్నా. జయవిజయుల దగ్గరికి రాగానే మెడ సాచి, కళ్లింత చేసుకుని చూశా. చూసింది నేనే కదా?

చిత్తూరు తోతాపురి: చూశావు, సరే. ఎంతసేపన్నది నీ చేతిలో ఉందా? ముందాయన తల అడ్డం, దాని పక్కనుంచి నామం, కాస్త పూలమాల, అంతలోనే ‘జరగండి జరగండి’. గ్లాన్స్ అయితే చూపు నువ్వే తిప్పుకుంటావు. దర్శనం ‘దొరికింది’ అనేగా అంటాం! వాచీ చూసినట్టు స్వామిని చూసొచ్చానని మీ అమ్మతో చెప్పి చూడు.

లెగ్ సైడ్: క్రికెట్ చూసేవాళ్లకు ఇది సులువు. రంజిత్‌సిన్హ్‌జీకి పేరు తెచ్చిన షాటు లెగ్ గ్లాన్స్. బంతిని బాదరు, అలా తాకించి పక్కకు జారవిడుస్తారు. దెబ్బ నేరుగా తగలక పక్కకు జారడమే గ్లాన్స్‌కు పాత అర్థం, చూపు సంగతి తర్వాత వచ్చింది. గ్లింప్స్ ఏమో గ్లిమ్మర్‌కు చుట్టం, మినుకుమనే వెలుగు.

మార్నింగ్ షో: ఇంత చర్చ ఎందుకు సామీ? గ్లింప్స్ అంటే టీజర్‌కు ముందు వదిలే చిన్న వీడియో. ఒకటైతే గ్లింప్, రెండైతే గ్లింప్స్.

చిత్తూరు తోతాపురి: గ్లింప్ అనే మాటే లేదు నాయనా! ఒకటైనా గ్లింప్సే, ఎక్కువైతే గ్లింప్సెస్. వీడియోకు ఆ పేరు మాత్రం బాగానే కుదిరింది, వాళ్లు చూపించినంతే మనకు కనబడేది.

అలిపిరి కుర్రోడు: సరే, మార్కు వదిలేశా. మరి ‘ఎట్ ఫస్ట్ గ్లాన్స్’ అన్నచోట?

చిత్తూరు తోతాపురి: ‘చూడగానే’ అని. అక్కడ మాత్రం గ్లాన్సే రాయి, మళ్లీ మార్కు పోగొట్టుకోకు.