రికార్డర్ ఆన్ చేస్తే పేషెంట్లు మనసు విప్పట్లేదు

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు) ఉన్న పెద్దవాళ్ల వైద్య అనుభవాల మీద గుణాత్మక పరిశోధన చేస్తున్నాను. ఒక్కో ఇంటర్వ్యూ 40 నిమిషాలు అనుకుంటే 10 నిమిషాల్లోనే అయిపోతోంది. "దవాఖానల మంచిగనే చూస్తరు మేడం" అంటారు, అంతే. రికార్డర్ ఆపగానే మాత్రం కీళ్లనొప్పుల సూదులకు పెట్టిన ఖర్చు, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కోసం పడ్డ తిప్పలు అన్నీ బయటికొస్తాయి! అవి వాడుకోవడానికి సమ్మతి లేదు మరి.

ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్లడం మానేశాను. సర్కారు మనిషిని కానని ముందే చెప్తున్నాను. "సమస్యలేంటి?" అనకుండా, "మొన్న దవాఖానకు పోయిన రోజు పొద్దున్నుంచి చెప్పండి" అని అడిగితే కాస్త నయం. డబ్బుల దగ్గరికి రాగానే మళ్లీ మౌనం.

రికార్డర్ నడుస్తుండగానే ఖర్చుల గురించి మాట్లాడించాలంటే ఆ ప్రశ్న ఎలా అడగాలి?