కేదార్‌కంఠలో చివరి క్యాంపు దాకా వచ్చినవాణ్ణి ట్రెక్ లీడర్ వెనక్కి పంపొచ్చా?

రేణిగుంట_రైలు
అందరికీ నమస్తే. జనవరిలో మా తిరుపతి బ్యాచ్ ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ అనే మంచు శిఖరం ట్రెక్‌కు వెళ్ళింది. ఢిల్లీ దాకా సంపర్క్ క్రాంతిలో, అక్కడినుంచి డెహ్రాడూన్, ఆపైన నడక మొదలయ్యే ఊరు సాంక్రీ దాకా పగలంతా జీపులోనే. మా బావమరిది కూడా వచ్చాడు. ముప్పై కూడా నిండలేదు, నెలనెలా అలిపిరి నుంచి నడిచి కొండెక్కే మనిషి. చివరి క్యాంపులో సాయంత్రం వాడికి తలనొప్పి వచ్చింది, ఒకసారి వాంతి అయింది. లీడర్ వేలికి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పరికరం) పెట్టి చూసి, రేపు నువ్వు పైకి రావడం లేదు అని చెప్పేశాడు. రాత్రి రెండున్నరకు వాడు లేచి, బూట్లకు మైక్రోస్పైక్స్ (మంచులో జారకుండా పట్టుకునే ఇనుప పళ్ళు) తగిలించుకుని, తలనొప్పి తగ్గిందన్నా అని బతిమాలాడు. వినలేదు. మా హెడ్‌ల్యాంపులు వరుసగా పైకి పోతుంటే వాడు టెంట్ ముందు నిలబడి చూశాడు, నాకు మనసొప్పలేదు. డబ్బు వాపసు అడిగితే పైసా రాదన్నారు. ఫీజు కట్టి, సెలవు పెట్టుకుని, అంతదూరం పోయిన మనిషిని ఒక్క మాటతో ఆపే హక్కు లీడర్‌కు ఎవరిచ్చారు?

భాకరాపేట_ఘాట్
అన్నా, నీ బాధ అర్థమైంది, కానీ లీడర్ చేసిందే కరెక్ట్. ముందు అలిపిరి సంగతి తేల్చుకుందాం, మన ఊరివాళ్ళు చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. 3,550 మెట్లు ఎక్కడం కాళ్ళకూ గుండెకూ మంచి పరీక్షే, కాదనను. కానీ తిరుమల ఎత్తు 2,800 అడుగుల చుట్టుపక్కల, హార్సిలీ హిల్స్‌కు పోయినా 4,000 కొంచెం దాటుతాం, ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా మొదలయ్యేదే 8,000 అడుగుల పైన. కేదార్‌కంఠ 12,500. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదు, ప్రతి శ్వాసకూ లోపలికి పోయే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. దీన్ని ఎవరి ఒళ్ళు ఎంత తట్టుకుంటుందో మన మెట్లు చెప్పలేవు. రోజూ పరిగెత్తేవాడు పడిపోవచ్చు, పక్కన ఆయాసపడుతూ నడిచే పెద్దాయనకు ఏమీ కాకపోవచ్చు.

ఇంకోటి, శిఖరం రోజున రాత్రి రెండు మూడింటికి బయల్దేరదీసేది సూర్యోదయం చూపించడానికి మాత్రమే కాదు. ఆ వేళకు మంచు గట్టిగా ఉంటుంది, స్పైక్స్ పళ్ళు కరకరమని దిగి పట్టు దొరుకుతుంది. ఎండెక్కితే మెత్తబడి మోకాలిదాకా దిగబడిపోతాం, మధ్యాహ్నానికి గాలీ మబ్బూ మొదలైతే దారి కూడా కనబడదు. అందుకే ఫలానా టైమ్‌కు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి అని ముందే గీత గీసుకుంటారు. సగం దారిలో ఒకడు కూలబడితే వాడితోపాటు ఒక గైడ్ దిగాలి, మిగతా బ్యాచ్‌కు ఒక మనిషి తక్కువవుతాడు. నీ బావమరిది ఒక్కడి సంగతి కాదన్నా ఇది.

చిత్తూరు_బెల్లం
లీడర్ ఏం చెప్తే అది వేదం అంటే నేను ఒప్పుకోను. ప్రకటనల్లో ఏం రాస్తారు, మొదటిసారి వచ్చేవాళ్ళకు కూడా సులువు అని. తీరా పోయాక షెడ్యూల్ చూడండి. సాంక్రీ సుమారు 6,400 అడుగులు, జూడా కా తాలాబ్ క్యాంపు 9,000 పైన, మర్నాడే చివరి క్యాంపు 11,000 దాటి. పదివేల అడుగులు దాటాక పడుకునే చోటు ఒక రాత్రికి 1,600 అడుగులకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్తారు. ఇక్కడ రెండువేలు పెంచేస్తున్నారు. ఆ ప్లాన్ వేసింది కంపెనీ, జబ్బుపడింది కస్టమర్, డబ్బు పోయింది కూడా కస్టమర్‌కే. ఇది న్యాయమా?

ఆక్సీమీటర్ సంగతి కూడా చెప్పాలి. చలికి వేళ్ళు మొద్దుబారితే అది తప్పు రీడింగ్ చూపిస్తుంది. చేతులు రుద్దించి, కాసేపు గ్లౌజుల్లో పెట్టించి మళ్ళీ చూశారా, లేక ఒక్కసారి చూసి తేల్చేశారా?

పుష్కరిణి_గట్టు
నేను నర్సుని, అందుకే రాస్తున్నాను. బెల్లం గారు చెప్పింది నిజమే, చల్లటి వేళ్ళ మీద రీడింగ్‌ను నమ్మకూడదు. పైగా అంత ఎత్తులో ఆక్సిజన్ 85 శాతం చూపించినా అది ఆ చోటికి మామూలే కావచ్చు. కానీ ఇక్కడ ఆ అంకె ముఖ్యం కాదు. తలనొప్పి, దానికి తోడు వాంతి, అదీ కొత్త ఎత్తుకు చేరిన సాయంత్రమే. ఈ లక్షణాలుంటే ఇంకా పైకి పోకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి. తెల్లవారుజామున తలనొప్పి తగ్గిందన్నారు కదా, రాత్రి ఏదైనా మాత్ర వేసుకున్నాడా అన్నా? పారాసిటమాల్ నొప్పిని తగ్గిస్తుంది, ఎత్తు సమస్యను కాదు. ముదిరితే మెదడు వాస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, అప్పటికి మనిషి తూలుతూ తిక్కతిక్కగా మాట్లాడుతుంటాడు, నేను బాగానే ఉన్నాను అనేది కూడా వాడే. అందుకే ఆ స్థితిలో ఉన్నవాడి మాట మీద నిర్ణయం వదిలేయరు.

రేణిగుంట_రైలు
మాత్ర వేసుకున్నాడక్కా. అది లీడర్‌కు చెప్పామో లేదో గుర్తులేదు. అయినా కేదార్‌కంఠ ఏమన్నా ఎవరెస్టా, కాలేజీ పిల్లలు గుంపులుగా పోయొస్తున్నారు కదా.

భాకరాపేట_ఘాట్
ఎవరెస్ట్ మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తాను. న్యూజీలాండ్ గైడ్ రాబ్ హాల్ 1995లో డగ్ హాన్సెన్ అనే క్లయింట్‌ను శిఖరానికి దగ్గర్లో టైమ్ మించిందని వెనక్కి తిప్పాడు, ఇద్దరూ ప్రాణాలతో దిగారు. ఆ క్లయింట్ 1996లో మళ్ళీ వచ్చాడు. ఈసారి తిరగాల్సిన వేళ దాటిపోయినా హాల్ ఆపలేదు, సాయంత్రం నాలుగు దాటాక పైకి చేరారు. తుఫాను పట్టుకుంది. ఇద్దరూ తిరిగి రాలేదు. అంత గొప్ప గైడ్‌కు కూడా, ఇంతదూరం వచ్చినవాణ్ణి రెండోసారి కాదనడం అంత కష్టమైంది. నీ బావమరిదిని కాదన్న ఆ కుర్రాడు ఎంత గట్టి మనసు చేసుకుని ఉంటాడో ఆలోచించు.

చిన్న కొండే కదా అంటావా, 2024 జూన్‌లో అదే ఉత్తరకాశీ వైపు సహస్ర తాల్ ట్రెక్‌లో 22 మంది కర్ణాటక బృందం మంచు తుఫానులో చిక్కుకుంటే తొమ్మిది మంది పోయారు. అది కూడా నడిచే దారే, తాళ్ళు కట్టుకుని ఎక్కే శిఖరం కాదు.

స్వర్ణముఖి_ఇసుక
మన పక్క నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబును ఎవరూ తలుచుకోలేదేం. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కినాయన 2015లో ఆండీస్‌లో ఒంటరిగా పైకి పోయి తిరిగి రాలేదు. అంతటి మనిషికే కొండ మీద వాతావరణం అవకాశం ఇవ్వలేదు. ఆగు అనే మనిషి పక్కన ఉండడం అదృష్టమనుకోవాలి.

చిత్తూరు_బెల్లం
ఆపడం తప్పని నేనెక్కడా అనలేదు. ఆపినప్పుడు ఏం జరగాలో ముందే కాగితం మీద ఉండాలి అంటున్నాను. ఏ లక్షణాలుంటే ఆపుతారు, ఎన్నిసార్లు చూస్తారు, ఆగినవాడి దగ్గర ఎవరుంటారు, ఎవరు దించుతారు. ఆ రోజు మీవాడి దగ్గర ఎవరున్నారన్నా?

రేణిగుంట_రైలు
వంటతను ఉన్నాడు. సాంక్రీ పక్క ఊరివాడే, వేడి నీళ్ళ సీసా స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టి, గంటకోసారి లేపి పేరడిగి మాట్లాడించాడంట. మేం దిగొచ్చేసరికి వీణ్ణి మెల్లగా జూడా కా తాలాబ్‌కు దించేశాడు. అక్కడికి చేరాక అన్నం తిన్నాడు.

పుష్కరిణి_గట్టు
కిందికి దిగగానే ఆకలి వేసిందంటే చూడండి, ఎత్తు వల్లే. ఆ వంటతను చేసిన పని మా వార్డులో రాత్రి డ్యూటీలో మేం చేసేదే. మళ్ళీ వెళ్తానంటే ముందు డాక్టర్‌ను కలవమనండి, ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర అందరికీ పడదు, సల్ఫా మందుల అలెర్జీ ఉంటే తప్పకుండా చెప్పాలి.

రేణిగుంట_రైలు
డిసెంబర్‌లో మళ్ళీ పోతానంటున్నాడు. పైకి పంపకపోవడం గురించి ఇక వాదించను. డబ్బు విషయంలో మాత్రం బెల్లం అన్న వైపే ఉన్నాను, ఆపితే సగమైనా వాపసు అని ముందే రాసివ్వాలి, లేకపోతే జనం జబ్బు దాచిపెట్టి ఎక్కుతారు. జూడా కా తాలాబ్‌లో ఒక రాత్రి ఎక్కువ ఉంచే కంపెనీలు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రోజు ఎక్కువైనా పర్లేదు.