ఫిట్జ్ విశ్వాసం గొప్ప గుణమా, మెడకి కట్టిన పలుపా?

పుస్తకాల అటక:
ముందే చెప్తున్నా, కథంతా బయటపెట్టేస్తాను. చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

రాబిన్ హాబ్ రాసిన ఫార్సీర్ మూడు పుస్తకాలు రెండోసారి చదవడం మొన్న ఆదివారంతో అయిపోయింది. మొదటిది అసాసిన్స్ అప్రెంటిస్, 1995లో వచ్చింది. మిగతా రెండూ 1996, 1997ల్లో వచ్చాయి. అప్పటినుంచీ ఒకటే ఆలోచన, ఎవరితోనైనా వాదించుకోకపోతే పోయేలా లేదు.

తెలియనివాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్తా. సిక్స్ డచీస్ అనే రాజ్యం. షివల్రీ అనే యువరాజుకి పెళ్లాం కాని మనిషి వల్ల ఓ కొడుకు పుడతాడు. ఆ పిల్లాణ్ణి ఆరేళ్లు సాకిన తల్లి వైపు తాత, ఓ రోజు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సైనికుల కోట తలుపు తడతాడు. వీడు మీ యువరాజు బిడ్డ, ఇక మీ తిండే తింటాడు అన్నట్టు అప్పజెప్పి వెనక్కి తిరిగి చూడకుండా పోతాడు. కన్నతండ్రి పరువు పోయిందని సింహాసనం మీద హక్కు వదులుకుని దూరంగా వెళ్లిపోతాడు. కొడుకుని ఎదురుపడి ఒక్కసారి కూడా చూడడు. పిల్లాడు గుర్రాలశాలలో, బరిచ్ అనే మనిషి దగ్గర, కుక్కపిల్లల పక్కన పడుకుని పెరుగుతాడు. పేరుకూడా పేరు కాదు, ఫిట్జ్ అంటేనే అక్రమ సంతానం అని. రాజు ష్రూడ్, అంటే సొంత తాత, గుట్టుగా విషాలు పెట్టి మనుషుల్ని చంపే పనికి అతన్ని తయారు చేయిస్తాడు. ఇవి చాలవన్నట్టు జంతువుల మనసుతో మనసు కలిపే 'విట్' అనే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ఆ రాజ్యంలో అది బయటపడితే బతకనివ్వరు.

వీడిలో లోపాలకి లోటు లేదు. అలుగుతాడు, అబద్ధాలాడతాడు, పెద్దల మాట వినాల్సినచోట వినడు. అయినా నేను చదివిన ఫాంటసీ నాయకుల్లో విశ్వాసానికి వీణ్ణి మించినవాడు లేడు. ఒక్క సంఘటన చెప్తా. రాత్రిళ్లు రహస్యంగా పాఠం చెప్పే చేడ్ ఓసారి, సరదాకి రాజుగారి గదిలోంచి ఏదో ఒక వస్తువు ఎత్తుకు రమ్మంటాడు. పిల్లాడు ససేమిరా అంటాడు. చేడ్ మొహం మాడ్చుకుని పాఠాలు ఆపేస్తాడు. కోటంతటిలో వీడితో మనసిచ్చి మాట్లాడేది ఆ ఒక్కడే. అదీ పోయింది. అయినా దొంగతనం చెయ్యడు. తర్వాత తెలుస్తుంది అది పరీక్ష అని.

మీరేమంటారు?

ఎర్రమట్టి:
అటక గారూ, మీకు ముచ్చటేసిన చోటే నాకు ఒళ్లు మండింది. ఒంటరి పిల్లాడికి ఉన్న ఒక్క ఆప్యాయతనీ లాక్కుని, లొంగుతాడో లేదో చూడటం పరీక్షా? దాన్ని మా ఊళ్లో వేరే మాట అంటారు, ఇక్కడ రాయలేను.

దానికి ముందు సంగతి మర్చిపోయారు. విందు అయిపోయాక హాల్లో మిగిలినవి ఏరుకుని తింటున్న ఈ పిల్లాణ్ణి రాజు చూస్తాడు. ఇలాంటివాణ్ణి వదిలేస్తే రేపు శత్రువు వాడుకుంటాడు, మనమే వాడుకుందాం అని పక్కనున్న కొడుకు రీగల్‌కి పాఠం చెప్తాడు, పిల్లాడు వింటుండగానే. తిండి పెడతా, బట్టలిస్తా, చదువు చెప్పిస్తా, ఎవడైనా ఇంతకన్నా ఎక్కువిస్తానంటే ముందు నా దగ్గరికి రా, నేను ఇంకా ఇస్తా అంటాడు. తన చొక్కాకున్న ఎర్రరాయి పిన్ను తీసి పిల్లాడి చొక్కాకి గుచ్చుతాడు. అది బేరమండీ. సంతలో దూడని కొన్నట్టు కొన్నాడు.

సాయంత్రం మేత నుంచి వచ్చిన ఎద్దు ఎవరూ తోలకుండానే తన గుంజ దగ్గరికెళ్లి నిలబడుతుంది. దాన్ని విశ్వాసం అంటామా, అలవాటు అంటామా?

కాజా కాకినాడ:
ఇది మన కర్ణుడి కథే కదా బ్రో. పుట్టగానే వదిలేశారు, పుట్టుక గురించి అందరూ ఎత్తిపొడిచారు, ఒక్కడు పిలిచి పక్కన కూర్చోబెట్టాడు. అంగరాజ్యం బదులు ఎర్రరాయి పిన్ను, అంతే తేడా. తిన్న ఉప్పుకి కట్టుబడటం తప్పెలా అవుతుంది?

నేను రెండో పుస్తకం మధ్యలోనే ఉన్నా, చివరిది చెప్పొద్దు ప్లీజ్. పైన హెచ్చరిక చూశాను గానీ ఆగలేకపోయా.

నిడదవోలు పంతులమ్మ:
కాజా బాబూ, కర్ణుడితో పోలిక వెయ్యడం తేలికే గానీ అసలు చోట తప్పుతుంది. ఉద్యోగపర్వం చూడు, తిక్కనగారిది ఇంట్లో ఉంటే అదే చూడు. కృష్ణుడు కర్ణుణ్ణి పక్కకి తీసుకెళ్లి నువ్వు కుంతి కొడుకువి, రాజ్యం నీదే, వచ్చెయ్యి అంటాడు. కర్ణుడు అప్పటికి పెద్దవాడు. పాండవులు గెలుస్తారనీ తెలుసు. అన్నీ తెలిసి, అధిరథుడూ రాధా పెంచిన ఋణం, దుర్యోధనుడి స్నేహం వదలనంటాడు. పైగా ఈ సంగతి ధర్మరాజుకి చెప్పొద్దంటాడు. తెలిస్తే రాజ్యం తన చేతిలో పెడతాడనీ, తను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాననీ భయం. తప్పైనా ఒప్పైనా అది కళ్లు తెరుచుకుని చేసిన నిర్ణయం.

ఫిట్జ్‌కి పిన్ను గుచ్చేనాటికి వాడికి బూట్ల తాడు కట్టుకోవడం వచ్చో రాదో. ఒప్పుకున్నాడు అనే మాటకి అక్కడ అర్థం లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. కర్ణుడికి తన అవమానం మరొకరి మీద తీర్చుకునే గుణముంది. ద్రౌపదిని నిండుసభలో అన్న మాటలు ఎంత దానం చేసినా చెరిగేవి కావు. ఫిట్జ్ తనకి జరిగినదాన్ని తనకన్నా బలహీనుల మీదికి దింపడు. నాకు వాడిలో నచ్చేది అదే, విశ్వాసం కాదు.

పుస్తకాల అటక:
పంతులమ్మ గారూ, ఆ చివరి మాట నోట్ చేసుకున్నా. నేనింకా అలా ఆలోచించలేదు.

ఎర్రమట్టి గారికి మాత్రం ఒకటే ప్రశ్న. అంతా అలవాటే అయితే రురిస్క్ సంగతేంటి? కొండరాజ్యపు రాకుమారి కెట్రికెన్‌ని సిక్స్ డచీస్ యువరాజు వెరిటీకి ఇస్తున్నారు. ఆమె అన్న రురిస్క్ చస్తే ఆ రాజ్యానికి ఆమే వారసురాలు, అంటే రాజ్యం మనకి కలిసొస్తుంది. అతన్ని చంపమని ఫిట్జ్‌ని పంపుతారు. వీడు అక్కడికెళ్లి, ఆ మనిషిని చూసి, మాట్లాడి, ఈ చావుతో ఎవరికీ మేలు లేదని తేల్చుకుంటాడు. చివరికి రురిస్క్‌ని విషం పెట్టి చంపించింది రీగల్ కుట్ర, ఫిట్జ్ కాదు. ఎద్దు గుంజ దగ్గరికి వెళ్లకుండా ఎదురు తిరిగింది కదండీ.

ఎర్రమట్టి:
ఒక్కసారి తిరిగింది, ఒప్పుకుంటా. తర్వాత? మూడో పుస్తకంలో వెరిటీ మంత్రశక్తితో ఒక రాత్రికి వాడి శరీరాన్నే అడిగి తీసుకుంటాడు, వారసుడి కోసం. సొంత ఒళ్లు కూడా వాడిది కాదు. వెరిటీ మంచివాడు, నాకూ ఇష్టమే. మంచివాళ్లు కూడా వీణ్ణి పనిముట్టులా వాడుకోగలిగారంటే, వీడు కాదనడని అందరికీ తెలుసు కాబట్టే. అలా కాదనలేకపోవడాన్ని మనం పాఠకులం 'ఎంత విశ్వాసం' అని కళ్లు తుడుచుకుంటూ మెచ్చుకుంటున్నాం. కోటకి కావలసిందీ అదే కదా.

కాజా కాకినాడ:
చివరిది చెప్పొద్దన్నాను కదా మాస్టారూ!!

ఎర్రమట్టి:
క్షమించు తమ్ముడూ. ఈ దారం మూసేసి ముందు పుస్తకం చదువుకో.

మిడ్‌నైట్ ఫిల్టర్ కాఫీ:
అందరూ గుణగణాలు లెక్కపెడుతున్నారు గానీ, వీడి ఏడుపు ఎవరికీ విసుగు రాలేదా? మూడో పుస్తకంలో సగం తలనొప్పి, మిగతా సగం ఎల్ఫ్‌బార్క్ కషాయం. అది తాగితే నొప్పి తగ్గుతుంది గానీ మనసు కుంగిపోతుందని వాడికి తెలుసు, అయినా కాచుకుంటూనే ఉంటాడు. ష్రూడ్ రాజు ప్రాణశక్తిని పీల్చేసిన ఇద్దర్నీ కోపం పట్టలేక నలుగురూ చూస్తుండగా చంపి చెరసాల పాలవుతాడు. చచ్చి, సమాధిలోంచి లేపితే బతికి, మళ్లీ ఒంటరిగా రీగల్‌ని చంపడానికి బయల్దేరతాడు, అదీ దండగవుతుంది. ఇంత తెలివితక్కువ హంతకుణ్ణి నేనెక్కడా చూడలేదు.

వీడు మెచ్చుకోదగినవాడు కాదు, జాలిపడదగినవాడు. రెండూ ఒకటి కావు.

ఇంటిపేరు లేదు:
చాలా రోజులుగా చదవడమే, ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

నేను ఏడేళ్లప్పటినుంచి మా మేనమామ ఇంట్లో పెరిగాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అత్తయ్య నాకూ వాళ్ల పిల్లలకీ ఒకేలా వడ్డించేది. కానీ రెండోసారి అన్నం కావాలని నేను ఎప్పుడూ అడగలేదు. పొద్దున్నే పాల ప్యాకెట్లకి నేనే వెళ్లేవాణ్ణి, ఎవరూ చెప్పకపోయినా. కుళాయి వస్తే బిందెలు నేనే పట్టేవాణ్ణి. బంధువులొచ్చి 'ఎంత బుద్ధిమంతుడో' అంటే మామయ్య పొంగిపోయేవాడు. అది బుద్ధి కాదు, పంపేస్తారేమోనన్న టెన్షన్. ఆ సంగతి నాకు ముప్పై ఏళ్లొచ్చాక అర్థమైంది.

అందుకే ఎర్రమట్టి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ కాఫీ గారి మాట ఒప్పుకోను. భయంతో మొదలైన పనే అయినా, మామయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి రెండు నెలలు దగ్గరున్నాను. అప్పుడు నన్ను పంపేసేవాళ్లెవరూ లేరు. దాన్ని కూడా అలవాటే అంటే నాకు నచ్చదు. ఫిట్జ్ విషయంలో కూడా అంతే అనిపిస్తుంది. పలుపు వేసింది వాళ్లే, నిజమే. పలుపు తెగిపోయాక ఏం చేశాడన్నది మాత్రం వాడిదే.

ఎర్రమట్టి:
ఇంటిపేరు లేదు గారూ, మీకు నా దగ్గర జవాబు లేదు. ఉంటే మాత్రం రాస్తానా.

మిడ్‌నైట్ ఫిల్టర్ కాఫీ:
సరే, తెలివితక్కువ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఏడుపు మాత్రం ఏడుపే.

నిడదవోలు పంతులమ్మ:
పలుపు తెగాక అన్నారు కాబట్టి తోడేలు సంగతి చెప్పాలి, ఇంతసేపూ ఎవరూ ఎత్తలేదు. రెండో పుస్తకం మొదట్లో సంతలో ఓ వ్యాపారి దగ్గర బోనులో తోడేలు పిల్ల ఉంటుంది. ఒళ్లంతా పుళ్లు. ముట్టుకోబోతే కరుస్తుంది. ఫిట్జ్ దాన్ని కొంటాడు. దానితో విట్ బంధం పెట్టుకోకూడదనే వాడి ఉద్దేశం. పెట్టుకుంటే తన ప్రాణం మీదికొస్తుంది, దానికీ స్వేచ్ఛ పోతుంది. ఊరవతల పాడుబడిన గుడిసెలో దాచి, తిండిపెట్టి, వేట నేర్పి, అడవికి వదిలేద్దామనుకుంటాడు. వదిలేద్దామనుకోవడం, అది చూడండి. తనని కొన్నవాడు చెయ్యనిది తను కొన్నదానికి చేద్దామనుకున్నాడు. ఎర్రరాయి పిన్ను గుచ్చలేదు.

అది పోలేదు, అది వేరే సంగతి. వద్దన్నా ఉండిపోయింది. అప్పుడు దానికి నైట్‌ఐజ్ అని పేరు. ఆ పుస్తకాలన్నిట్లో ఫిట్జ్‌తో ఏ పనీ లేకుండా ఫిట్జ్‌ని కోరుకున్నది అదొక్కటే అని నా లెక్క. వాడు ప్రేమించిన మోలీ కూడా కోరుకుంది గానీ పాపం ఆ పిల్లకి నిజం చెప్తేగా.

పుస్తకాల అటక:
నా మొదటి పోస్టు మళ్లీ చదువుకున్నా. చేడ్ పరీక్షని నేను గొప్పగా చెప్పానే, ఇప్పుడు చూస్తే పిల్లాడి దార్ఢ్యం కన్నా పెద్దాయన చేసిన పనే కళ్లకి కడుతోంది. విశ్వాసం అన్న మాట వెనక్కి తీసుకోను, కానీ అందులో మొదటి స్థానం రాజుకి ఇవ్వను. తోడేలుకిస్తా.

మోలీ దగ్గర నాకు ఇంకా తేలలేదు. ఫిట్జ్ చచ్చాడనుకుని ఆమె బరిచ్‌ని చేసుకుంటుంది. కూతురు నెటిల్ ఫిట్జ్ బిడ్డ, పెంచేది బరిచ్. వీడు బతికే ఉన్నాడు, స్కిల్ అనే శక్తితో దూరం నుంచే వాళ్లని చూస్తాడు, వెళ్లడు. వాళ్లకి దొరికిన ప్రశాంతత చెడగొట్టనని. దీన్ని త్యాగం అనే అనుకున్నా రెండుసార్లూ.

నిడదవోలు పంతులమ్మ:
మోలీని అడిగాడా?

పుస్తకాల అటక:
లేదు.

నిడదవోలు పంతులమ్మ:
ఆమె బతుకు గురించి ఆమె లేకుండా తీర్మానం చేసేశాడు. చిన్నప్పుడు తన గురించి కోటవాళ్లు ఎలా చేశారో అలాగే. నేను ముందు రాసినదానికి ఇది అడ్డం వస్తుంది, తెలుసు. తనకి జరిగినదాన్ని మరొకరి మీదికి దింపడని నేనే కదా అన్నాను. ఇక్కడ దింపాడు, ప్రేమ పేరుతో.

ఇంటిపేరు లేదు:
బరిచ్ కూడా అదే పని చేశాడండీ. విట్ బంధం ముదురుతోందని ఫిట్జ్ దగ్గరున్న నోసీ అనే కుక్కపిల్లని తీసుకుపోతాడు. చంపేశాడనే పిల్లాడు ఏళ్ల తరబడి నమ్ముతాడు. ఆ నమ్మకంతోనే బరిచ్‌కి దూరమవుతాడు. తీరా కొండరాజ్యంలో ఆ కుక్క ముసలిదై, బతికే కనిపిస్తుంది. బరిచ్ ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. నీ మేలు కోసమే అని చెప్పకుండా ఉండటం ఫిట్జ్ నేర్చుకున్నది ఆయన దగ్గరే.

మా ఇంట్లో కూడా అంతే. మా అమ్మ ఎందుకు వదిలి వెళ్లిందో మామయ్య ఇప్పటికీ చెప్పలేదు.

ఎర్రమట్టి:
అడిగారా మీరు?

ఇంటిపేరు లేదు:
లేదు.

మిడ్‌నైట్ ఫిల్టర్ కాఫీ:
మూడో పుస్తకం మళ్లీ తీస్తున్నా. తలనొప్పి పేజీలు దాటేసి మోలీ చోట్లు మాత్రమే చదువుతా.

కాజా కాకినాడ:
మీరంతా చెప్పకూడనివన్నీ చెప్పేశారు, నేనూ ఆగకుండా చదివేశాను, తప్పు నాదే. ఒక్కటి మాత్రం చెప్పండి, రాత్రి నిద్ర పట్టేలా లేదు. తోడేలు చస్తుందా?

నిడదవోలు పంతులమ్మ:
ఈ మూడు పుస్తకాల్లో చావదు నాయనా. చదువుకో.

కాజా కాకినాడ:
ఈ మూడింట్లో అంటే?